తెల్లదోమ పోవాలంటే: తిరుపతి మిద్దె తోటల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు తిరుపతిలో, కరకంబాడి రోడ్డు వైపు. మిద్దె మీద అరవై కుండీలు, ఇంట్లో ఇంకో పది ఉంటాయి. శివరాత్రి దాటిందంటే చాలు, తెలిసినవాళ్ల దగ్గర నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఆకుల కింద తెల్లగా ఏదో పట్టింది, ఏం కొట్టాలి?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అందరూ అడిగేవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

కుండీ కదిపితే తెల్లటి పొడిలాగా ఎగురుతున్నాయి. అవి తెల్లదోమలేనా?

దాదాపు అవే. మిల్లీమీటరు కంటే కాస్త పెద్దగా, పిండి అద్దినట్టు తెల్లటి రెక్కలతో ఉంటాయి. కొమ్మ కదిపితే గుప్పున లేచి, రెండు క్షణాల్లో మళ్లీ అదే మొక్క మీద వాలతాయి. ఖాయం చేసుకోవాలంటే ఆకు తిప్పి చూడండి. ఆకు అడుగున గుడ్లు, కదలకుండా అతుక్కుని ఉన్న చిన్న చిన్న పొలుసుల్లాంటి పిల్లలు కనిపిస్తాయి. కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరాలో జూమ్ చేసి ఫొటో తీసి చూడండి, స్పష్టంగా తెలుస్తుంది.

మందారానికి కొమ్మల చివర దూది ఉండల్లాగా తెల్లగా పట్టి, కదిపినా ఎగరకపోతే అది పిండినల్లి. ఇంట్లో కుండీ మట్టి మీద నల్లటి చిన్న దోమలు ముసురుతుంటే అవి తడి మట్టిలో పెరిగేవి, వాటికి నీళ్లు తగ్గిస్తే సగం పని అయిపోతుంది. ఈ రెండింటినీ తెల్లదోమ అనుకుని మందులు కొట్టినవాళ్లను చాలామందిని చూశాను.

పేరులో దోమ ఉంది కదా, మనుషుల్ని కుడుతుందా? దోమల స్ప్రే కొట్టొచ్చా?

కుట్టదు. నిజానికి ఇది దోమ జాతే కాదు. పేనుబంక, పిండినల్లి వీటికి చుట్టం. సూదిలాంటి నోరు ఆకులోకి దించి రసం పీల్చడం దాని పని.

ఇంట్లో వాడే దోమల స్ప్రే మాత్రం మొక్కకు కొట్టొద్దు. అందులో ఉండే ద్రావకాలు లేత ఆకుల్ని మాడ్చేస్తాయి. తినే మొక్క అయితే అసలే వద్దు.

మందు కొట్టిన రోజు అన్నీ పోయాయి. ఐదారు రోజులకే మళ్లీ వచ్చేశాయి. మందు కల్తీనా?

మందు మంచిదే కావచ్చు. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి దీనికి కొంచెం వివరంగా చెబుతాను.

మనకు ఎగురుతూ కనిపించేవి పెద్ద పురుగులు మాత్రమే. ఒక్కో ఆడపురుగు తన జీవితకాలంలో వందకు పైగా గుడ్లు పెడుతుంది, అదీ ఆకు అడుగునే. మన వేడికి వారం లోపే గుడ్లు పగులుతాయి. బయటికి వచ్చిన పిల్ల కొద్ది గంటలు పాకి, ఒకచోట సూది దించి స్థిరపడిపోతుంది. ఆ తర్వాత కదలదు. అక్కడే రసం పీలుస్తూ, కుబుసాలు విడుస్తూ, చివరికి ప్యూపా దశకు వెళ్లి రెక్కలతో బయటికి వస్తుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా ఎండాకాలంలో సుమారు మూడు వారాలు, చలికాలంలో అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. మీరు ఆదివారం మందు కొట్టారు. ఎగిరేవి పోయాయి, మందు తడి తగిలిన పిల్లలూ పోయాయి. గుడ్లు, ప్యూపాలు మాత్రం చాలావరకు బతికే ఉంటాయి. వచ్చే శుక్రవారానికి ఆ ప్యూపాలు రెక్కలు కట్టుకుని లేస్తాయి, గుడ్లు పగిలి కొత్త పిల్లలు వస్తాయి. అందుకే ఒక్కసారి ఎంత గట్టిగా కొట్టినా లాభం లేదు. సాదా వేప నూనె అయినా సరే, ఐదు నుంచి ఏడు రోజులకు ఒకసారి చొప్పున కనీసం నాలుగు సార్లు కొట్టాలి. అంటే నెల రోజుల పని. నేను వంటింటి క్యాలెండర్ మీద ఆ తేదీలకు సున్నాలు చుట్టి పెట్టుకుంటాను. రెండో వారానికి పురుగు కనబడదు, మనకు బద్ధకం వస్తుంది, అక్కడ ఆపేస్తాం. మూడో వారంలో అది మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకో సంగతి. స్ప్రే పైనుంచి కొడితే ఆకు పైభాగం తడుస్తుంది, పురుగు ఉండేది కింద. స్ప్రేయర్ మూతిని పైకి తిప్పి, కింది నుంచి పైకి కొట్టాలి. నడుము వంచక తప్పదు. కుండీని మిద్దె పిట్టగోడ మీదకు ఎత్తి పెట్టుకుంటే కాస్త సుళువు, కానీ కింద నడిచేవాళ్లున్నారేమో చూసుకోండి.

ఏ నెలల్లో ఎక్కువగా వస్తుంది?

మన తిరుపతి, చిత్తూరు వైపు సంక్రాంతి తర్వాత మెల్లగా మొదలై, ఫిబ్రవరి చివర నుంచి బాగా పెరుగుతుంది. పొడి వాతావరణం, వెచ్చదనం రెండూ దానికి ఇష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల జోరు వానలకు చాలా పురుగులు కొట్టుకుపోతాయి. వాన పడని చోట్లు, అంటే సన్‌షేడ్ కింద, బాల్కనీలో, ఇంట్లో పెట్టిన మొక్కలకు ఆ మేలు జరగదు. వానాకాలంలో కూడా వాటిని తిప్పి చూస్తూ ఉండండి.

కనబడగానే మొట్టమొదట ఏం చేయాలి?

నీళ్లు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పెద్ద పురుగులు మందకొడిగా ఉంటాయి. అప్పుడు పైపు చివర వేలు పెట్టి ఆకుల అడుగున జోరుగా నీళ్లు కొట్టండి. పెద్దవి రాలిపోతాయి, పిల్లలు కొన్ని ఊడతాయి, జిగట కూడా కడుక్కుపోతుంది. రోజు విడిచి రోజు వారం పాటు చేయండి. బాగా పట్టిన ముదురు ఆకులు నాలుగైదు కింద ఉంటాయి, వాటిని తుంచి వెంటనే కవర్లో వేసి మూతి కట్టండి. కంపోస్టు డబ్బాలో వేస్తే అక్కడి నుంచే లేస్తాయి.

మొక్కలు పదికి తక్కువుంటే, పురుగు కొత్తగా పట్టి ఉంటే, ఈ పని ఒక్కటే సరిపోవచ్చు.

వేప నూనె ఎలా కలపాలి? నాకు నూనె పైకి తేలిపోతోంది.

లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, అంటే ఒక టీ స్పూను. నూనె నీళ్లలో కలవదు కాబట్టి సబ్బు కావాలి. ముందు ఒక చిన్న గిన్నెలో నూనె, ఒకటి రెండు మిల్లీలీటర్ల మెత్తటి ద్రవ సబ్బు కలిపి బాగా గిలక్కొట్టండి. అది పాలలా చిక్కబడ్డాక గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ లీటరు చేయండి. నీళ్లలో నూనె పోసి ఆపైన సబ్బు వేస్తే మీకు జరిగినట్టే తేలుతుంది. బట్టల సబ్బు పొడి వద్దు, అందులోని రసాయనాలు ఆకుల్ని కాలుస్తాయి.

సబ్బు బదులు నేను కుంకుడుకాయ వాడతాను. పది కాయలు గింజలు తీసి రాత్రి లీటరు నీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టి, ఆ రసం ఒక చిన్న కప్పు కలుపుతాను. నూనె చక్కగా కలుస్తుంది, ఆకులకూ చెరుపు లేదు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది, నీళ్లు. చాలా ఇళ్లలో బోరు నీళ్లు బరువుగా ఉంటాయి. బకెట్లో సబ్బు వేస్తే నురగ రాక తెల్లటి తెట్టు కడుతుందంటే, ఆ నీళ్లలో వేప నూనె కూడా సరిగ్గా కలవదు, సబ్బు పనిచేయదు. అలాంటి ఇంట్లో కుళాయి నీళ్లు కానీ, పట్టి పెట్టుకున్న వాన నీళ్లు కానీ, ఏసీ నుంచి కారే నీళ్లు కానీ వాడండి. ఫిల్టరు నుంచి బయటికి పోయే వృథా నీళ్లు బోరు నీళ్ల కంటే ఇంకా బరువు, అవి పనికిరావు. నాకు ఈ సంగతి తెలియక మొదటి ఏడాది అంతా వేప నూనె దండగ అనుకున్నాను. నీళ్లు మార్చాక అదే నూనె పనిచేసింది.

కలిపిన మందు ఆ పూటకే. మిగిలితే రేపటికి దాచొద్దు. ఎండలో కొడితే నూనె ఆకుల్ని మాడుస్తుంది, కాబట్టి సాయంత్రం ఎండ బాగా దిగాక కొట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మన మిద్దెలు పొద్దుగూకాక కూడా సెగలు కక్కుతుంటాయి. ముందు నేల మీద నీళ్లు చల్లి, కాస్త చల్లబడ్డాక ఏడు గంటల వేళ మొదలుపెడతాను. నీళ్లు లేక వాడి ఉన్న మొక్కకు ఎప్పుడూ కొట్టొద్దు. కొత్త రకం మొక్క అయితే ముందు ఒక్క ఆకుకు రాసి రెండు రోజులు చూడండి.

పిల్లలున్న ఇంట్లో సీసాను పైన పెట్టండి. మందే కదా, వేపే కదా అని చిన్నపిల్లలకు వేప నూనె తాగించడం ప్రాణానికే ప్రమాదం.

నూనె కొనకుండా వేప గింజలతో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, పైగా తాజాగా చేసుకున్న గింజల కషాయం మీద నాకు గురి ఎక్కువ. జూన్, జులైలో మన రోడ్ల పక్కన వేపచెట్ల కింద పండ్లు రాలి తొక్కుడు పడుతుంటాయి. వాటిని ఏరి, గుజ్జు కడిగి, నీడలో బాగా ఆరబెట్టి గోనెసంచిలో పెట్టుకుంటే ఆ ఏడాదికి సరిపోతాయి. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడతాయి. ఎండలో మాడ్చినా, మరీ పాతబడినా బలం తగ్గిపోతుంది.

లీటరు కషాయానికి 50 గ్రాముల గింజల పప్పు. పెంకు తీసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో వేస్తే ఆ చేదు వారం దాకా వదలదు, మా ఇంట్లో దానికి విడిగా ఒక చిన్న రోలు ఉంది. దంచిన పప్పును పల్చటి బట్టలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున మూటను పిండుతూ ఉంటే పాలలాంటి ద్రవం దిగుతుంది. రెండు పొరల బట్టలో వడగట్టండి, లేకపోతే స్ప్రేయర్ మూతి మూసుకుపోతుంది. కొంచెం కుంకుడు రసం కలిపి ఆ సాయంత్రమే కొట్టేయండి.

ఇది పురుగును తాకగానే చంపేది కాదు. పిల్లలు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది, తిండి మీద ఆశ చంపుతుంది. మర్నాడు పొద్దున చూసి ఏమీ కాలేదని టెన్షన్ పడొద్దు. వారం పోయాక చూడండి.

నీమాస్త్రం పనిచేస్తుందా?

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల వేపాకు, 5 లీటర్ల ఆవు మూత్రం, కిలో రెండు కిలోల పేడ వేసి ఒకటి రెండు రోజులు మురగబెడతారు, నీమాస్త్రం అంటే అదే. మిద్దె తోటకు 5 లీటర్లు చాలు, కొలతలు ఆ లెక్కన తగ్గించుకోండి. పురుగు కొద్దిగా ఉన్నప్పుడు, రాకముందు వాడటానికి బాగుంటుంది. వేపాకులో గింజలో ఉన్నంత సారం ఉండదు కాబట్టి బాగా పట్టాక దీన్నే నమ్ముకోవద్దు. అపార్టుమెంట్లో అయితే వాసన గురించి పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పండి.

వెల్లుల్లి, పచ్చిమిర్చి, పుల్ల మజ్జిగ, బూడిద... ఇవి?

వెల్లుల్లి, మిర్చి రసం ఘాటుకు పురుగు కొన్నాళ్లు దూరంగా ఉంటుంది, అంతే. మిర్చి కళ్లలో పడితే మీ పని అవుతుంది, ముఖానికి గుడ్డ కట్టుకోండి. మజ్జిగ తెల్లదోమకు పనిచేయగా నేను చూడలేదు. బూడిద ఆకు పైన పడుతుంది, పురుగు కింద ఉంటుంది.

పసుపు రంగు జిగురు అట్టలు పెడితే చాలా?

చాలవు, కానీ పెట్టండి. తెల్లదోమకు పసుపు రంగంటే మోజు. మొక్క కొన ఎత్తున, ఆకులకు దగ్గరగా కట్టాలి, ఎక్కడో గోడకు వేలాడదీస్తే పడవు. దొరక్కపోతే పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా మూతకు ఆముదం కానీ గ్రీజు కానీ పూసినా పనిచేస్తుంది. వారానికోసారి తుడిచి మళ్లీ పూయండి.

అట్టకు అంటుకునేవి ఎగిరే పెద్ద పురుగులే, ఆకు కింద పిల్లలకు దానితో సంబంధం లేదు. నా దృష్టిలో దాని అసలు ఉపయోగం కబురు చెప్పడం. ఈ వారం ఐదు పడ్డాయి, పై వారం యాభై పడ్డాయి అంటే స్ప్రే మొదలుపెట్టే వేళ అయిందని అర్థం. మిద్దె మీద ఎక్కడపడితే అక్కడ కట్టేస్తే మేలు చేసే పురుగులు కూడా అంటుకుని చస్తాయి. పది కుండీలకు ఒకటి చాలు.

ఆకుల మీద జిగటగా ఉంది, నల్లటి మసి పట్టింది, చీమలు పాకుతున్నాయి. ఇది వేరే తెగులా?

మూలం ఒకటే. తెల్లదోమ పీల్చిన రసంలో తీపి ఎక్కువ, దానికి అక్కర్లేనిది జిగురుగా విడిచిపెడుతుంది. ఆ తీపి మీద నల్లటి బూజు పెరుగుతుంది. బూజు ఆకులోకి దిగదు, కానీ ఎండ తగలకుండా కప్పేస్తుంది, మొక్క నీరసపడుతుంది. తీపి కోసం చీమలు వస్తాయి, వచ్చి ఊరుకోవు, తెల్లదోమను తినడానికి వచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. కాబట్టి చీమల్ని కూడా ఆపాలి. కుండీని నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక మీద పెడితే చీమ ఎక్కలేదు. ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే అసలు దోమలు పుడతాయి.

మసి పోవడానికి పల్చటి గంజి మంచి ఉపాయం. లీటరు నీళ్లకు 10 గ్రాముల మైదా వేసి ఉడికించి, చల్లార్చి ఆకులకు కొట్టండి. ఎండకు గంజి ఎండి పెచ్చులుగా రాలుతుంది, దాంతో మసీ రాలుతుంది. కొబ్బరి తోటల్లో శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి ఇదే.

టమాటా ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారింది. తెల్లదోమను చంపితే కోలుకుంటుందా?

కోలుకోదు. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అప్పటికి ఆ మొక్కకు పూత కూడా వచ్చి ఉంటుంది.

తెల్లదోమ రసం పీల్చడం వల్ల కలిగే నష్టం ఒక ఎత్తు, అది మోసుకొచ్చే వైరస్ ఒక ఎత్తు. రోగం ఉన్న మొక్క మీద కాసేపు పీల్చిన పురుగు ఆ తర్వాత వాలి పీల్చే మొక్కలకు కూడా అంటించగలదు. టమాటాలో ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, పైకి దొన్నెలా ముడుచుకుంటాయి. కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా గిడసబారుతుంది. వైరస్‌కు మందు లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి.

మూడేళ్ల కిందట నేను పన్నెండు టమాటా మొక్కలు పెట్టాను. రెండింటికి ముడత వచ్చింది. పీకడానికి చెయ్యి రాలేదు. ఒక దుకాణంలో చూపిస్తే గట్టి మందు ఇచ్చారు, చుక్క తగ్గకుండా కొట్టాను. రెండు వారాల్లో పన్నెండూ ముడుచుకున్నాయి. అంతకుముందు వంగ మీద కనిపించే, తెల్లదోమను తినే అక్షింతల పురుగులు కూడా ఒక్కటి మిగల్లేదు. మొదటి రోజే ఆ రెండూ పీకి ఉంటే మిగతా పది చేతికొచ్చేవని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి ముడత ఖాయమైతే, మొక్కను పీకే ముందు దాని మీద సబ్బు నీళ్లు కొట్టి పురుగుల్ని తడిపేయండి, లేకపోతే పీకేటప్పుడు అన్నీ లేచి పక్క మొక్కకు పోతాయి. తర్వాత సంచిలో కట్టి తీసేయండి.

ఈసారి నాటేటప్పుడు రకం చూసుకోండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ టమాటా ఈ ముడత వైరస్‌ను తట్టుకుంటుంది. నారు పోసినప్పుడే సన్న కన్ను నైలాన్ వల కప్పండి, కన్ను ఎంత సన్నగా ఉంటే అంత మేలు. మొక్కకు మొదటి నెల గడిస్తే సగం గండం గడిచినట్టే. పలమనేరు, కుప్పం వైపు టమాటా పొలాల్లో మడుల మీద వెండి రంగు షీటు పరిచి ఉండటం చూసే ఉంటారు. ఆ మెరుపుకు తెల్లదోమ తికమకపడి వాలడం తగ్గిస్తుంది. కుండీ మట్టి మీద కూడా ఆ షీటు ముక్క పరవొచ్చు.

మిరప ఆకులు ముడిచాయి, అదీ తెల్లదోమేనా?

మిరపలో ముడతలన్నీ ఒకటి కావు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే ఎక్కువగా తామర పురుగులు, కిందికి ముడిచి కాడ సాగితే నల్లి. ఆకులు బొబ్బరెక్కి, ఈనెలు మందంగా మారి, పసుపు కలిసి, మొక్క ఎదగకపోతే తెల్లదోమ తెచ్చే వైరస్. మొదటి రెండూ సరిచేయొచ్చు. మూడోదైతే టమాటాకు చెప్పిందే.

బెండకు ఆకుల ఈనెలు పసుపు వలలా కనిపిస్తున్నాయి.

పల్లాకు తెగులు. ఇదీ తెల్లదోమ తెచ్చే వైరసే. కాయలు కూడా పాలిపోయి గట్టిపడతాయి. ఆ మొక్క తీసేయండి. తట్టుకునే రకాల్లో అర్క అనామిక చాలాకాలంగా ఉంది.

తులసికి పట్టింది. పూజకు, తీర్థానికి వాడే మొక్క, ఏం కొట్టను?

నీళ్లు మాత్రమే. రోజూ పొద్దున స్నానం చేసి తులసికోట దగ్గరకు వెళ్లినప్పుడే చెంబుతో పైనుంచి పోసే బదులు, ఒక చేత్తో కొమ్మ వంచి ఆకుల అడుగున నీళ్లు కొట్టండి. గట్టిగా పట్టి ఉంటే మొక్కను మూడింట రెండు వంతులు కత్తిరించేయండి, తులసి త్వరగా చిగురిస్తుంది. మా అమ్మ కత్తిరించడానికి ఒప్పుకోలేదు. ఏకాదశి కాని మంచి రోజు చూసి, కోసిన దళాలతో మాల కట్టి వేసి ఒప్పించాను. పట్టని కొమ్మలు పూజకు, పట్టినవి సంచిలోకి. తీర్థంలో వేసే మొక్క, వేప నూనె కొట్టే మొక్క వేరుగా ఉంచుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

కరివేపాకు, కొత్తిమీర, పుదీనా లాంటివైతే వేప నూనె కొట్టాక వారం ఆగి, బాగా కడిగి వాడుకోండి.

ఇంట్లో మొక్కలకు ఎలా వస్తుంది? కిటికీలు మూసే ఉంటాయి కదా.

చాలావరకు మనమే తెస్తాం. రోడ్డు పక్క బండి మీద, నర్సరీలో నచ్చిన మొక్క కొని నేరుగా హాల్లో పెట్టేస్తాం. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చే మొక్కలవి, ఆకు కింద గుడ్లుంటే కొన్నప్పుడు కనబడవు. ఏ మొక్క తెచ్చినా రెండు వారాలు మిగతావాటికి దూరంగా ఒక్కదాన్నే పెట్టండి, రెండు రోజులకోసారి ఆకులు తిప్పి చూడండి. కొనేటప్పుడే కొమ్మ ఒకసారి తట్టి చూడటం అలవాటు చేసుకోండి.

ఇంట్లో వాన లేదు, గాలి లేదు, దాన్ని తినే పురుగులు లేవు. అందుకే లోపల పట్టిందంటే ఏడాది పొడవునా ఉంటుంది. కుండీ మట్టి కవరుతో కప్పి బాత్‌రూములో షవర్ కింద పడుకోబెట్టి ఆకులు కడగండి. వెడల్పు ఆకులైతే తడిగుడ్డతో అడుగు తుడవండి, పిల్లలు, గుడ్లు కూడా ఊడొస్తాయి. ఇలా తుడిచినంత బాగా ఏ మందూ పనిచేయదని నా అనుభవం. వేప నూనె కొట్టాలంటే మొక్కను బయటికి తీసుకెళ్లి కొట్టి, ఆరాక తెచ్చుకోండి. లోపలే కొట్టక తప్పకపోతే చేపల తొట్టి ఉంటే మూత పెట్టండి, వేప నూనె చేపలకు మంచిది కాదు.

కొబ్బరి, జామ ఆకుల కింద తెల్లటి చుట్టలు చుట్టలుగా ఉంది. కింద పెట్టిన కారంతా జిగట.

అది సర్పిలాకార తెల్లదోమ. మామూలు దానికంటే పెద్దది, గుడ్లను మైనపు పొడితో చుట్టలుగా పెడుతుంది. కొబ్బరికి పట్టేది 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనబడి, ఆ తర్వాత మన రాష్ట్రానికీ వచ్చింది. కొబ్బరి, జామ, అరటి, ఇళ్ల ముందు పెంచే అరెకా పామ్, అన్నిటికీ పడుతుంది.

చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ చెట్టు చావదు. ఇక్కడ తొందరపడి గట్టి మందులు కొట్టించడమే పెద్ద నష్టం. ఎందుకంటే దీన్ని అదుపు చేసే ఒక చిన్న కందిరీగ జాతి, ఎన్‌కార్సియా గ్వాడెలూపే, దీని వెంటే తోటల్లో పెరుగుతోంది. అది తెల్లదోమ పిల్లల లోపలే గుడ్డు పెడుతుంది, అలా దెబ్బతిన్నవి నల్లగా మారతాయి. ఆకు కింద నల్ల ప్యూపాలు కనబడితే సంతోషించండి, ఆ ఆకును కొయ్యకండి. చిన్న చెట్లకు నీళ్ల జోరు, ఆపైన లీటరుకు 5 మిల్లీలీటర్ల వేప నూనె సబ్బుతో. ఇసారియా ఫ్యూమోసోరోసియా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కూడా కొబ్బరిలో దీనికి సిఫారసు చేస్తున్నారు, సాయంత్రం గాలిలో తేమ ఉన్నప్పుడు కొట్టాలి. మసికి గంజి ఎలాగూ ఉంది. కారు మాత్రం వేరేచోట పెట్టుకోండి.

మేలు చేసే పురుగులు మిద్దె మీదకు వస్తాయా?

వస్తాయి, మనం చంపకుండా ఉంటే. అక్షింతల పురుగులు, వాటి మొసలిలాంటి పిల్లలు, పచ్చటి అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు తెల్లదోమను తింటాయి. అంచున నాలుగు బంతి మొక్కలు, కొత్తిమీర, సోపు పూతకు వదిలేసినవి ఉంటే ఇవి నిలుస్తాయి. బంతి వాసన వల్ల తెల్లదోమ కూడా కొంత తగ్గుతుంది, అయితే మొదటి నుంచీ పక్కన ఉండాలి. పురుగు పట్టాక తెచ్చి పెడితే లాభం లేదు.

ఇవేవీ పనిచేయలేదు. రసాయన మందు కొట్టక తప్పదా?

పూల మొక్క, అలంకరణ మొక్క అయితే ఆలోచించవచ్చు. కూరగాయల కుండీలకు నేనైతే కొట్టను. ఆ మొక్క తీసేసి, నెలరోజులు ఆ జాతి పెట్టకుండా ఉంటాను.

కొట్టాల్సి వస్తే డబ్బా మీద ఆ మొక్క పేరు, తెల్లదోమ పేరు రాసి ఉందో లేదో చూడండి. డబ్బా మీది త్రికోణం రంగు కూడా చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ. పొలానికి కొన్నది కాస్త మిగిలిందని ఇచ్చేవాళ్లుంటారు. తీసుకోవద్దు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయలకు వాడటం మన దేశంలో నిషేధం, అయినా ఇంకా "అది ఒక్క మూత కొట్టు" అనేవాళ్లున్నారు. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి తేనెటీగలకు ప్రమాదం, పూతలో ఉన్నప్పుడు అసలు వద్దు. పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు పదేపదే కొడితే తెల్లదోమ తగ్గకపోగా పెరుగుతుంది, దాని శత్రువులు ముందు చస్తాయి కాబట్టి. ఒకే మందు వరసగా కొడితే పురుగు దానికి అలవాటు పడిపోతుంది.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

పూర్తిగా రాకుండా చేయలేం, ఎదురింటి నుంచి అయినా వస్తుంది. తగ్గించవచ్చు. యూరియా కానీ, మరీ ఎక్కువ ఎరువు కానీ వేస్తే మొక్క లేతగా, రసంగా పెరుగుతుంది, తెల్లదోమకు అదే విందు. కుండీల మధ్య గాలి ఆడేంత ఖాళీ ఉంచండి. ఇంటి పక్క ఖాళీ స్థలంలో తుత్తురబెండ, వయ్యారిభామ పెరుగుతుంటే పూత రాకముందే పీకించండి, మన దగ్గర పంట లేనప్పుడు అది తలదాచుకునేది వాటి మీదే. కాపు అయిపోయిన వంగ, బెండ మొక్కల్ని ఇంకో రెండు కాయలు వస్తాయని అట్టే పెట్టుకోవద్దు.

ఆకు ఎవరికైనా చూపించాలంటే?

తిరుపతిలో ఎస్వీ వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి. పల్లెల్లో ఉన్నవాళ్లు దగ్గరి రైతు సేవా కేంద్రంలో అడగవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. ఆకు తీసుకెళ్లేటప్పుడు ఒక్క లేత ఆకు కాకుండా ముదురుదీ, లేతదీ రెండూ ఉన్న కొమ్మ కోసి, కాగితంలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి అదే రోజు తీసుకెళ్లండి. ఏ మందు ఎప్పుడు కొట్టారో తేదీలతో ఒక చీటీ రాసి పెట్టుకుంటే వాళ్లకు చెప్పడం తేలికవుతుంది.